సముద్రపు బూజు

మామిడి పూతకి బూడిద తెగులు మందు కొట్టిస్తున్న భారతికి ఇంటి నుంచి కబురొచ్చింది, ఎవరో మేడమ్ వచ్చారని.

వచ్చేసరికి వరండాలో ఓ పాతికేళ్ల అమ్మాయి. పేరు హరిచందన. సముద్రంలో తేలే ప్లాస్టిక్ చెత్తకి పట్టే బూజు మీద విశాఖపట్నంలో పరిశోధన చేస్తోందట. పక్కన పొడవాటి అట్టపెట్టె. ఎదురుగా అత్తగారు సత్యవతి, పెట్టెకేసి చూడకుండా కూర్చుంది.

"బందరు జాలర్ల వలలో పడిందండీ ఇది. బూజు ఉందని మా ల్యాబ్‌కి ఇచ్చారు," అంది హరిచందన మెల్లిగా. "తర్వాత పాత పేపర్లో చూశాను, ప్లాస్టిక్ కాలున్న ఒకాయన మంగినపూడిలో గల్లంతయ్యారని. ఊరు కనుక్కుని వచ్చాను."

భారతి భర్త కృష్ణకాంత్. ట్రాక్టర్ బోల్తా పడి మోకాలి కింద కాలు పోతే ప్లాస్టిక్ కాలు పెట్టించారు. దాంతోనే తోటంతా తిరిగేవాడు. మూడేళ్ల కిందట కార్తీక పౌర్ణమి స్నానానికి వెళ్లి, ఆ కాలు విప్పకుండానే నీళ్లలోకి దిగాడు. అల వచ్చింది. మనిషి లేడు. శవం దొరకలేదు.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో అతను పోయాడని ఎవరూ అనకూడదు. "నా కొడుకుని చూపించి మాట్లాడండి," అని సత్యవతి పురోహితుణ్ణి గుమ్మంలోంచే పంపేసింది. రోజూ అతని కంచం కడిగి పెట్టేది. విస్సన్నపేట నుంచి భారతి తల్లి వచ్చి, "పిల్లకి ముప్ఫై కూడా లేవు వదినగారూ, తీసుకెళ్తాను," అంటే, "మొగుడు బతికుండగా పుట్టింట్లో ఏం పని?" అంది.

భారతి ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. వండమంటే వండింది. పూత, పిందె, కోత... ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోతున్నాయి. ఆకలేస్తోందో లేదో కూడా ఆమెకి తెలిసేది కాదు.

హరిచందన పెట్టె తెరిచింది.

ఉప్పు పట్టి తెల్లబారిన ప్లాస్టిక్ కాలు. చివర రబ్బరు పాదం. పైభాగాన, మామిడాకుల మీది మసి తెగులులా నల్లటి మచ్చలు.

"ఇది కూడా తెగులేనా?" అంది భారతి. అడగాల్సింది అది కాదని తెలుసు.

"అలాంటిదేనండీ. ఎండకి పెళుసెక్కిన ప్లాస్టిక్‌ని తింటుంది. చాలా నెమ్మదిగా."

"మొత్తం తినేస్తుందా?"

"వదిలేస్తే ఎప్పటికో... మీ వారిదేనాండీ?"

భారతి నోరు తెరవబోయింది.

"ఆగు," అంది సత్యవతి. లేచి వచ్చి పెట్టె పక్కన చతికిలబడింది. రబ్బరు వేళ్లని ఒక్కొక్కటే తడిమింది. చాలాసేపు. తర్వాత తలెత్తి కోడలి మొహం చూసింది. జుట్టు మీద, రెప్పల మీద మందు తుంపర్లు ఆరి తెల్లగా ఉన్నాయి. తుడుచుకోవాలని కూడా ఆమెకి తోచినట్టు లేదు.

"నా కొడుకుదే," అంది సత్యవతి.

హరిచందన కళ్లు ఒత్తుకుంది. బూజు ఉన్నచోట చిన్న ముక్క కోసుకోవచ్చా అని అడిగింది.

"తీసుకో తల్లీ. దేనికో దానికి పనికొస్తుంది."

మర్నాడు దర్భలతో బొమ్మ చేసి దహనం చేయించారు. ప్లాస్టిక్ కాలిస్తే విషప్పొగ వస్తుందని హరిచందన చెప్పి వెళ్లింది కాబట్టి, కాలుని చిన్నరసాల చెట్ల మధ్య పాతిపెట్టారు. అంతకుముందు ఊళ్లోవాళ్లు వరసగా వచ్చారు. కాలు చూశారు, సత్యవతి మొహం చూశారు, పూలు వేసి మాట్లాడకుండా వెళ్లిపోయారు.

పెద్దకర్మ అయ్యాక సత్యవతే విస్సన్నపేటకి ఫోన్ చేసింది. ఆటో పిలిపించింది. కోడలి బ్యాగు తనే మోసుకొచ్చి పెట్టింది.

"అత్తయ్యా," అంది భారతి. మూడేళ్ల తర్వాత మొదటిసారి ఆమెకి ఏడుపొచ్చింది.

"ఏం చెప్పకు. వెళ్లు," అంది సత్యవతి.

ఆటో కదిలింది.

కృష్ణకాంత్‌కి ట్రాక్టర్ కింద పోయింది కుడికాలు, పెట్టెలో వచ్చింది ఎడమకాలు.