ఈశాన్యం గోడ

"తొమ్మిదడుగులు" అన్నాడు సిద్ధాంతి టేపు చూసి. నమ్మకం కుదరక మళ్ళీ కొలిచాడు. ఆయన కోసమని గోడ ఏమీ తగ్గలేదు.

"తొమ్మిదేనండీ" అన్నాడు ఇంటాయన. "మేస్త్రీ పనిమంతుడు. అంగుళం తేడా రానివ్వలేదు."

వాస్తు విషయంలో ఈ సిద్ధాంతిది ఒకటే మాట. దక్షిణం, పడమర గోడలు ఎత్తుగా ఉండాలి. తూర్పు, ఉత్తరం తగ్గి ఉండాలి. ఆ రెండూ కలిసే ఈశాన్యం మూల అన్నిటికన్నా తేలిగ్గా, వెలుతురుగా ఉండాలి. యజమాని ఎంత గొప్పవాడైనా సరే, అక్కడ గోడ జానెడు పెరిగిందా, కొట్టించేదాకా నిద్రపోనివ్వడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మనుషుల సంగతి మాత్రం ఆయనకు అంతగా పట్టదు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడల్ని పలకరించి ఆ తర్వాతే మనుషుల్ని పలకరిస్తాడని చాటున నవ్వుకుంటారు.

ఈ ఇంటిని ఆయన ఇంతకుముందు ఒకసారి చూశాడు. అప్పుడు తూర్పు గోడ నడుమెత్తే ఉండేది. వీధిలో పోయేవాళ్ళు కనబడేవారు. వంక పెట్టడానికి లేదని మెచ్చుకుని వెళ్ళాడు. ఆ తర్వాత ఇంటాయన నాలుగు వైపులా ఒకే ఎత్తున లేపేశాడు. పైన గాజుపెంకులు కూడా గుచ్చించాడు. ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచి సిద్ధాంతికి అన్నం సయించడం లేదు. తను బాగుందన్న ఇల్లు కదా మరి. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఇంటాయన రమ్మనలేదు. వాస్తు తప్ప మరో మాట ఎత్తనని ఒట్టేస్తే, ఇవాళ గేటు తాళం తీశాడు.

"బాబూ, ఈశాన్యం మూసుకుపోయింది. ఇంటికి ముక్కు మూసినట్టే. తూర్పూ ఉత్తరం నాలుగడుగులకు దించెయ్యండి" అన్నాడు సిద్ధాంతి.

"దొంగల భయమండీ."

"ఈ వీధిలో ఎప్పుడైనా దొంగలు పడ్డారా?"

"గోడ ఉంది కాబట్టే పడలేదు."

ఇలాంటి మాటకు ఏ శాస్త్రంలోనూ జవాబు ఉండదు. సిద్ధాంతి భయపెట్టి చూశాడు. వ్యాపారం దెబ్బతింటుందన్నాడు. యజమాని ఆరోగ్యానికి మంచిది కాదన్నాడు. లేని గండాలు చెప్పడం బొత్తిగా అలవాటు లేని మనిషి. చెబుతున్నంతసేపూ చేతిలోని టేపు వైపే చూశాడు.

ఇంటాయన చిరునవ్వుతో అంతా విన్నాడు. "ఈ గోడ లేచాక వ్యాపారం పుంజుకుందండీ. నాకు జలుబు కూడా చెయ్యలేదు" అన్నాడు.

ఇల్లాలు నీళ్ళ గ్లాసు తెచ్చి అందించింది. రెండడుగులు వెనక్కి వెళ్ళి, దండెం మీద ఆరిన బట్టలు తీస్తూ నిలబడింది.

"అమ్మా, నువ్వు చెప్పు. పొద్దున్నే కాస్త ఎండ లోపలికొస్తే బాగుండదూ? నలుగురు మనుషులు కనబడితే బాగుండదూ?" అని అడిగాడు సిద్ధాంతి.

ఆమె ఇంటాయన వైపు చూసింది.

"తనకేం తెలుసండీ గోడల గురించి. తనకి ఇలాగే హాయిగా ఉంది" అన్నాడు ఇంటాయన.

ఆమె తలూపింది. అవునన్నట్టో కాదన్నట్టో తెలియలేదు. సిద్ధాంతి ఆ గ్లాసుడు మంచినీళ్ళని వేడి కాఫీ తాగినట్టు గుక్కగుక్కగా తాగాడు.

"సరే, మీ మాటా నా మాటా కాదు. ఆరడుగులు" అన్నాడు గ్లాసు కింద పెట్టి.

"కుదరదండీ."

"ఏడు. పోనీ, ఎత్తు అలాగే ఉండనివ్వండి. పైన పెంకులైనా తీయించండి."

"వాటి దారిన వాటిని ఉండనివ్వండి."

కూరగాయల బేరంలోనైనా అవతలివాడు ఒక మెట్టు దిగుతాడు. ఇక్కడ దిగుతున్నది సిద్ధాంతి ఒక్కడే.

"ఒక్క ఇటుక" అన్నాడు చివరికి. "ఈ మూల, మనిషి కళ్ళకు అందే ఎత్తులో, ఒక్క ఇటుక తీసెయ్యండి బాబూ. మేస్త్రీ కూడా అక్కర్లేదు, నా చేత్తో నేనే తీస్తాను. శాస్త్రానికి అది చాలు."

ఏ శాస్త్రంలోనూ అలా లేదు. ఆ సంగతి అందరికన్నా ఆయనకే బాగా తెలుసు. దండెం దగ్గర నిలబడ్డ ఇల్లాలు మొదటిసారి తలెత్తి ఆ మూలకేసి చూసింది.

ఇంటాయన గేటు వైపు నడిచాడు. "ఈ ఇంటికి వంక లేదని ఆనాడు చెప్పింది మీరే కదండీ. మీ మాటంటే నాకెంతో గౌరవం. ఇప్పుడు మీరే మాట మారిస్తే ఎలా?" అన్నాడు తాళం తీస్తూ.

 ఇంతసేపూ ఆ గోడకు చెప్పుకున్నా నయమే అని సిద్ధాంతికి అనిపించింది. ఏడుపు ముంచుకొచ్చింది. పెద్దమనిషి, ఏడిస్తే బాగుండదని తలొంచుకుని టేపు చుట్టసాగాడు. క్షణంలో అయ్యే పని ఆయనకు చాలాసేపు పట్టింది.

"వస్తానమ్మా" అన్నాడు గేటు దగ్గర వెనక్కి తిరిగి.

ఆమె పెదవులు కదిలాయి. అంతలోనే గేటు మూసుకుంది. లోపలినుంచి తాళం వేసిన చప్పుడైంది.

సిద్ధాంతి వీధిలోకి వచ్చి ఈశాన్యం మూలన నిలబడ్డాడు. మునివేళ్ళ మీద లేచి చూశాడు. గాజుపెంకులు, వాటి పైన ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. టేపు ఇంకా చేతిలోనే ఉంది.

ఆరేళ్ళ కిందట సంబంధం చూడ్డానికి వచ్చి, పెళ్ళికొడుకుతో పట్టుమని పది మాటలైనా మాట్లాడకుండా, ఇదే టేపుతో ఇంటి గోడలన్నీ కొలుచుకుని, "ఈ ఇంట్లో నా కూతురు సుఖపడుతుంది" అని మాట ఇచ్చి వెళ్ళింది ఆయనే.