ఏ లోటూ లేని ఇల్లు

గుమ్మం దాటగానే ఆ అమ్మాయికి గుండె ఆగినంత పనయింది.

ఎదురుగా సోఫా. బల్ల మీద పెద్ద టీవీ. మూలన మనిషంత ఎత్తు ఫ్రిజ్.

పక్కనే స్కాలర్‌షిప్ ట్రస్టు నుంచి వచ్చిన ఆఫీసరు. ఆమె హాస్టల్ నుంచి వచ్చి బస్సు దిగేసరికి ఆయన సందు మొదట్లో అడ్రసు వెతుక్కుంటున్నాడు. "రండి సార్, అది మా ఇల్లే" అని తనే వెంటబెట్టుకొచ్చింది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

నర్సింగ్ రెండో ఏడు. గతిలేని పిల్లలకి మాత్రమే ఇచ్చే స్కాలర్‌షిప్ మీద నడుస్తున్న చదువు. ఈయన తన ఫోన్‌లో 'అర్హత లేదు' అని ఒక్క నొక్కు నొక్కితే చాలు, కాలేజీకి దణ్ణం పెట్టి వచ్చేయాలి. మొన్న రూమ్మేట్‌కి అదే జరిగింది. కూలివాళ్ల పిల్లనని చెప్పుకుంది. ఇంటి వెనక కారు దొరికింది.

నిన్న ఫోన్లో అమ్మకి అంతా చెప్పింది. ఇల్లు చూడ్డానికి వస్తారు, చూశాకే డబ్బులిస్తారు అని. అంత చెప్పినా ఇదేం పని?

"కూర్చోండి సార్" అంది అమ్మ, సోఫాని కొంగుతో తుడుస్తూ.

ఆయన కూర్చున్నాడు. సోఫా ఆయన్ని నడుందాకా మింగేసింది.

"మీరేం పని చేస్తారమ్మా?"

"నాలుగిళ్లలో అంట్లు తోముతా సార్. దీని చిన్నప్పుడే మా ఆయన పోయాడు."

ఆయన కళ్లజోడు పైనుంచి ఫ్రిజ్ వైపు చూశాడు.

"మరి ఇవన్నీ మీవేనా?"

అమ్మాయి తల అడ్డంగా ఊపింది. కళ్లతోనే బతిమాలింది. అమ్మ చూస్తేగా!

"మావే సార్! మాకేం లోటు? రేపు మనుషుల ప్రాణాలు చూసుకునే పిల్ల. దాన్ని దిక్కులేనిదానిలా పెంచుతానా? ఉండండి, చల్లటి నీళ్లిస్తా."

అమ్మ ఫ్రిజ్ తలుపు కుడివైపు లాగింది. రాలేదు. ఎడమవైపు లాగింది. వచ్చింది. లోపల పాలు, గుడ్లు, పళ్లు, సగం కోసిన కేకు.

ఆయన ఫోన్ తీసి ఫొటో కొట్టాడు. ఫ్రిజ్‌కొకటి. టీవీకొకటి. లేచి నిలబడి సోఫాకి కూడా.

ఆ అమ్మాయి తన మణికట్టు తానే పట్టుకుని చూసుకుంది. పేషెంట్‌కి నాడి ఇలా కొట్టుకుంటే డాక్టర్ కోసం పరిగెత్తాలి. ఇక్కడ ఎవరి కోసం పరిగెత్తాలి?

"సార్, అసలు విషయం ఏంటంటే..."

అమ్మ ఆమె కాలు తొక్కింది. గట్టిగా.

నోరు తెరిస్తే అమ్మ పరువు పోతుంది. మూసుకుంటే చదువు పోతుంది.

ఆయన గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"చూడమ్మాయ్. నిజంగా లేనివాళ్లు ఎంతమంది ఎదురుచూస్తున్నారో తెలుసా? వాళ్ల నోటికాడ కూడు లాక్కుంటున్నానని నీకెప్పుడూ అనిపించలేదా?"

"అది కాదు సార్..."

"ఇంకేం చెప్పకు."

ఆయన మెట్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కోసాగాడు. ఫోన్ పక్కనే పెట్టాడు. తెర ఇంకా వెలుగుతూనే ఉంది. లేసులు కట్టడం అవగానే ఆ నొక్కు నొక్కేస్తాడు. ఒక లేసు ముడి పడింది. ఆమె తలుపు పట్టుకుని నిలబడింది.

వెనకనుంచి అమ్మ ఆమె చెవిలో గుసగుసలాడింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"బాగా నచ్చినట్టుందే ఆయనకి!"

"అమ్మా, నీకు దణ్ణం పెడతా, మాట్లాడకు."

ఆయన రెండో లేసు అందుకున్నాడు.

అప్పుడే పెరటి తలుపు తోసుకుని పక్కింటావిడ లోపలికొచ్చింది. వెనకాల నలుగురు మగవాళ్లు, భుజాల మీద తాళ్లు. ఆవిడ అక్కణ్ణించే అరిచింది.

"వదినా, ఆ సారు వెళ్లిపోయినట్టేనా, మా ఫ్రిజ్ మేం మోసుకుపోతాం, సోఫావాళ్లు కూడా వచ్చేశారు!"