చేపలకి స్నానం

“అవ్వా! కాలవలో చెయ్యి పెట్టారేంటి?”

గుమ్‌సున్ కేకకి తొట్టెల్లో ఉన్న ఆడవాళ్ళంతా తిరిగి చూశారు.

ముసలామె బెదరలేదు. మురుగునీళ్ళలోంచి చిన్న థర్మామీటరు పైకి తీసి, కళ్ళు చికిలించి చదివింది.

“ముప్పై నాలుగు డిగ్రీలు. వెచ్చటి నీళ్ళన్నీ సముద్రంలోకి వదిలేస్తున్నావు తల్లీ. చేపలకి స్నానం పోస్తున్నావా?”

అందరూ గొల్లుమన్నారు. గుమ్‌సున్‌కి తల కొట్టేసినట్టయింది.

కొరియాలోని యంగ్‌డో దీవిలో మూడేళ్ళ క్రితం ఆమె తెరిచిన స్నానశాల అది. ఏడాదిలోగా బాయిలరు వదిలే కర్బనాన్ని సగానికి తగ్గించాలని ఆ ఉదయమే నోటీసు వచ్చింది.

“సగం గ్యాసు కాల్చాలంటే సగం మందిని పొమ్మనాలి. నా ఏడుపు నాది, మీకు వేళాకోళం!”

“మనుషుల్నెందుకు పొమ్మంటావు? వేడిని పోనివ్వకు. చన్నీళ్ళ పైపుని ఈ వాడిన నీళ్ళలోంచి చుట్టలు తిప్పి తీసుకెళ్ళు. బాయిలరుకి సగం పని తప్పుతుంది.”

“మీరు ఇంజనీరా?”

“కాదు. వేడినీళ్ళంటే ఇష్టం, అంతే.”

మర్నాడు అవ్వ పైపుల పటం ఒకటి తెచ్చి ఇచ్చింది. గుమ్‌సున్ దాన్ని అమ్మకానికి పెట్టిన ఉడికించిన గుడ్ల బుట్ట కింద పడేసింది.

అవ్వ రోజూ కొండ దాటి వచ్చేది. పక్కనెవరు కూర్చుంటే వాళ్ళ వీపు రుద్దేది. ఒకరోజు గుమ్‌సున్‌నీ కూర్చోబెట్టి రుద్దింది.

“పైపు తిప్పావా?”

“లేదవ్వా.”

“తిప్పు తల్లీ.”

ఆకులు రాలే కాలం దాటాక ఆమె రావడం మానేసింది.

గడువు దగ్గర పడుతుంటే గుమ్‌సున్ గుడ్ల బుట్ట ఎత్తింది. పటం తీసి పైపుల మేస్త్రీ తేషిక్‌కి చూపించింది.

అతను చాలాసేపు చూశాడు. “ఎవరో ప్రాణం పెట్టి వేయించుకున్న పటం అక్కా ఇది.”

వసంతం వచ్చేసరికి గ్యాసు వాడకం సగానికి పడిపోయింది. మిగిలిన వేడితో ఇంకో తొట్టె తెరిస్తే జనం ఒకటిన్నర రెట్లయ్యారు.

గుమ్‌సున్ గిన్నెడు సముద్రపు నాచు సూపు కాచుకుని, పటం మూలనున్న పేరు అడుగుతూ కొండ అవతలికి వెళ్ళింది.

“ఛోయ్ మాల్రే అవ్వా?” కూరగాయల కొట్టామె నిట్టూర్చింది. “చలికాలంలో పోయిందమ్మా.”

గుమ్‌సున్ సూపు గిన్నెని కొట్టు బల్ల మీద పెట్టి అడిగింది.

“ఆవిడ ఏం చేసేది?”

కొట్టామె ఎదురుగా తాళం పడిన పాత భవనాన్ని చూపించింది.

“అదిగో, ఆ స్నానశాల ఆవిడదే. ముప్పై ఏళ్ళు నడిపింది. ఏవో పైపులు వేయించి గ్యాసు తగ్గించుకుందామనుకుంది గానీ, ఈలోపు కొండకి అటువైపు ఎవరో కొత్తది తెరిచారుగా... జనమంతా అక్కడికే వెళ్ళిపోయారు.”