మాట వినని పిల్ల

“ఇది అస్సలు చప్పుడు చెయ్యకూడదమ్మా” అంటూ కండక్టరు ల్యాప్‌టాప్‌ను చెవికి ఆనించుకున్నాడు, పుచ్చకాయ పండిందో లేదో చూసేవాడిలా.

షాపు అమ్మాయికి నవ్వొచ్చింది. పాటలు రికార్డు చేసుకునేవాళ్లకు ల్యాప్‌టాప్ ఎంచి, సాఫ్ట్‌వేర్ వేసి, మైకు తగిలించి ఇవ్వడం ఆమె పని. ఆ పని వల్లే అసలు పేరు పోయి ‘సౌండమ్మ’ అయింది. వచ్చేవాళ్లందరూ స్పీడెంత, ఎన్ని వాయిద్యాలు పడతాయి అనే అడుగుతారు. లోపల ఫ్యాను తిరుగుతుందా అని ఆరా తీసినవాడు ఇతనొక్కడే.

“దీనికి ఫ్యానే లేదన్నా. కాకపోతే ముప్పై ట్రాకులు పెట్టారనుకోండి, మొరాయిస్తుంది.”

“నాకు ఒక్కటే ట్రాకు. ఒక్కటే గొంతు.”

“తబలా, కీబోర్డు, ఏమీ వద్దా?”

“ఏమీ వద్దు. వైరు లేకుండా పాట ఒక చిన్న మిషన్‌కు వెళ్లాలి. ఏ రకం బ్లూటూత్ కావాలో రాయించుకొచ్చాను, చూడు” అని చొక్కా జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీశాడు.

ఇయర్‌ఫోన్ల కోసం కాబోలనుకుని ఆమె సరిచూసింది. సరిపోయింది.

“సోమవారానికల్లా పాట తయారైపోవాలి. మా పాప వినాలి” అన్నాడతను. “బస్సులో అరవై మంది నా మాట వింటారమ్మా. ఒక్క కేకేస్తే ఫుట్‌బోర్డు ఖాళీ. ఇంట్లో నాలుగేళ్ల పిల్ల మాత్రం ఇంతవరకూ నా మాట ఒక్కటంటే ఒక్కటి వినలేదు.”

“గారాబం ఎక్కువైందేమో!”

“ఎక్కువే” అని వెంటనే ఒప్పేసుకున్నాడు.

ఇలాంటి తండ్రులను సౌండమ్మ చాలామందిని చూసింది. పిల్లను కూర్చోబెట్టి గట్టిగా రెండు మాటలు చెప్పడం చేతకాక పాటలతో బతిమాలుకుంటారు.

శనివారం మధ్యాహ్నం ఆమె సామాను పట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. వీధిలో చప్పుడు లోపలికి రాకుండా కండక్టరు అప్పటికే కిటికీకి రెండు దుప్పట్లు కట్టేశాడు. సౌండమ్మ సాఫ్ట్‌వేర్ వేసి, మైకు కోసం వెనక్కి తిరిగేసరికి దాని వైరు పాప మెడలో దండలా ఉంది. పాపకు ఒక చెవి పక్కన జుట్టు పొట్టిగా, అప్పుడే మొలుస్తున్నట్టుంది. కత్తెర చేతికి దొరికిందేమో, ఘటికురాలే అనుకుంది సౌండమ్మ.

“పాపా, ఆ వైరు ఇలా ఇవ్వమ్మా.”

పాప ఉలకలేదు, పలకలేదు. కిటికీ దగ్గర నిలబడి దుప్పటి అంచు లాగుతూనే ఉంది. సౌండమ్మ గొంతు పెంచింది. అయినా లాభం లేదు.

“వెనక నుంచి చెప్తే అస్సలు వినదండీ. ముందుకెళ్లి అడగండి” అంది వంటింట్లోంచి తల్లి.

ముందుకెళ్లి చెయ్యి చాపగానే పాప ఒళ్లంతా నవ్వై వైరు తీసి ఇచ్చేసింది. ఆ నవ్వు చూస్తే ఎవరికైనా కోపం ఎక్కడుంటుంది?

కండక్టరు మైకు ముందు కూర్చుని గొంతెత్తి పాట అందుకున్నాడు. తెరమీద గీత ఎర్రగా ఎగిసింది.

“అన్నా! ఇది బస్సు కాదు. పక్కవాళ్లు టికెట్ కోసం వచ్చేస్తారు.”

సౌండు తగ్గించి మళ్లీ పాడించింది. పనిలో పనిగా కాస్త ఎకో కలిపి వినిపించింది. “చూడండి, అచ్చం సినిమా పాటలా లేదూ?”

“బాగుందమ్మా. కానీ తీసెయ్యి. మాట మాటలా ఉండాలి.”

తన పనితనం మెచ్చనందుకు సౌండమ్మ కొంచెం చిన్నబుచ్చుకుంది. తీసేసింది.

పాట చూస్తే పెద్దదేం కాదు. ‘నాన్నొచ్చాడే తల్లీ, తలుపు తియ్యవే’ అని నాలుగు వరుసలు. అతను కట్టుకున్నదే.

“రోజూ డ్యూటీ దిగొచ్చి గుమ్మంలో ఇదే పాడతాను. ఒక్క రోజన్నా వచ్చి తలుపు తీసిందా?” అని నవ్వాడు. నవ్వుతూ చెప్పిన మాటే అయినా సౌండమ్మకు పాపం అనిపించింది.

ఇంతలో పాప వచ్చి తండ్రి ఒడిలోకెక్కింది. అరచెయ్యి తిన్నగా అతని గొంతు మీద ఆనించి పెట్టుకుంది. అతను పాడాడు. మూడో వరుస దగ్గర గొంతు వణికింది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అక్కడే వణికింది.

“ఒడిలో కూర్చోబెట్టుకుని ఎప్పుడంటే అప్పుడు పాడుకోవచ్చు కదన్నా! ఈ రికార్డింగు తిప్పలెందుకు?”

“సోమవారం నేను పాడలేనమ్మా. గొంతు పూడుకుపోతుంది. నా సంగతి నాకు తెలుసు.”

బస్సు దద్దరిల్లేలా అరిచే మనిషికి గుప్పెడంత పిల్ల ముందు ఇంత పిరికితనమా అని ఆమె ఆశ్చర్యపోయింది.

అయిదోసారి పాట బాగా కుదిరింది. పాప అతని గొంతు మీద చెయ్యి తియ్యకుండా, మళ్లీ పాడమన్నట్టు రెండుసార్లు తట్టింది. సౌండమ్మ పాటను భద్రం చేస్తూ అడిగింది.

“ఫైలుకు ఏం పేరు పెట్టమంటారు?”

“‘నాన్న మాట’ అని పెట్టు.”

పెట్టింది గానీ నోరు ఊరుకోలేదు. “నాలుగేళ్లుగా విననిది సోమవారం వచ్చేసరికి ఎలా వింటుందన్నా? అంత మహత్తు ఏముంది ఈ పాటలో?”

కండక్టరు పాప చెవి పక్కన, కొత్త జుట్టు మొలుస్తున్న చోట మెల్లగా నిమిరాడు.

“ఆపరేషన్ చేసి పెట్టిన దీని చెవి మిషన్ సోమవారమే మొదటిసారి ఆన్ చేస్తారమ్మా.”