పదిహేడు ‘క’లు మాయం

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు ప్రూఫ్ రీడరు తన జీవితంలో మొదటి దొంగతనం చేసింది. కాజేసింది ఒకే ఒక్క అక్షరం. ‘క’.

ఇరవై రెండేళ్ళుగా ఆ ప్రెస్సులో ఊరందరి తప్పులూ దిద్దుతున్న మనిషి ఆమె. ఒత్తు జారినా, సున్నా ఎగిరిపోయినా ఆమె కళ్ళు ఇట్టే పట్టేసేవి. కావాలని తప్పు చెయ్యడం మాత్రం ఇదే మొదలు.

కారణం చెల్లెలు. టైలరు. ఆమె నవ్విందంటే నాలుగిళ్ళ అవతలికి వినబడేది. ఎనిమిది నెలల క్రితం ఊరి చివరనున్న గురువుగారి కేంద్రంలో చేరి, అక్కడే ఉండిపోయింది. రోజూ వచ్చే ఫోను వారానికొకసారి అయింది, ఆ తర్వాత అదీ లేదు. అక్క చూడటానికి వెళితే గేటు తియ్యకుండానే, “సందేహించేవాళ్ళ గాలి సోకితే నా వెలుగు మసకబారుతుంది అక్కా” అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఆ మాట అక్కను ముల్లులా గుచ్చింది. చెల్లెలు జన్మలో అలా మాట్లాడదు. మరి ఎవరి మాట అది?

కిందటి వారం తెలిసింది. ఇన్నాళ్ళూ కేంద్రంలో నోటితో చెబుతున్న పాఠాలు పుస్తకంగా అచ్చుకొచ్చాయి. ఇరవయ్యో పేజీలో ఆ వాక్యమే, పొల్లుపోకుండా, ఉంది.

ఆమె మళ్ళీ మొదటినుంచి చదివింది, ఈసారి తప్పుల కోసం కాదు. మొదటి మూడు పాఠాలూ తేనె. నువ్వు మామూలు మనిషివి కావు, కోట్లమందిలో దేవుడు నిన్ను ఏరుకున్నాడు. నాలుగో పాఠంలో భయం మొదలైంది. నీకు సందేహం వచ్చిందంటే దేవుడు నీ చెయ్యి వదిలేసినట్టే. అక్కడినుంచి అన్నీ ఆజ్ఞలే. ప్రశ్నించకు. సొంతంగా ఆలోచించకు. ఇంట్లోవాళ్ళతో మాట్లాడకు.

“ఓహో, ముందు ముద్ద పెట్టి, తర్వాత బెదిరించి, ఆపైన తలుపు గడియ వేశారన్నమాట” అనుకుంది ప్రూఫ్ రీడరు.

‘మాట్లాడకు’ దగ్గర కర్సరు పెట్టి ‘క’ను చెరిపేసింది. దాని కొమ్ము చల్లగా పక్కకు జరిగి ‘డ’కు తగులుకుంది. ‘ఇంట్లోవాళ్ళతో మాట్లాడు.’ ఆమెకు నవ్వాగలేదు. ‘ప్రశ్నించు.’ ‘సొంతంగా ఆలోచించు.’ యజమాని చేతులు కడుక్కుని వచ్చేలోపు పదిహేడు ‘క’లు మాయమయ్యాయి.

పుస్తకాలు కేంద్రానికి చేరిన మూడో రోజు ఫోను మోగింది.

“అక్కా, ఇంట్లోవాళ్ళతో మాట్లాడమని ఏడో పాఠంలో ఉంది. అందుకని చేస్తున్నా” అంది చెల్లెలు, పాఠం అప్పజెప్పినట్టు. తర్వాత “అమ్మ మోకాలు ఎలా ఉంది?” అని మెల్లగా అడిగింది. గంటసేపు మాట్లాడుకున్నారు. చివర్లో ఆ పాత నవ్వు ఒకసారి వినబడితే అక్కకు కళ్ళు చెమ్మగిల్లాయి.

మర్నాడే కేంద్రం మేనేజరు మండిపడుతూ ప్రెస్సులోకి వచ్చాడు.

“కొంప ముంచారయ్యా! పొద్దున క్లాసులో నలభైమంది లేచి నలభై ప్రశ్నలు అడిగారు. ఏంటిదంటే, పుస్తకంలో ఉందిగా అంటున్నారు. పుస్తకంలో ఏది ఉంటే అది చెయ్యాలని మేమే నేర్పాం, కాదనలేక చస్తున్నాం!”

యజమాని బిక్కమొహం వేసి ప్రూఫ్ రీడరు వైపు చూశాడు.

“ఫాంటు మారిస్తే ఒక్కోసారి అక్షరాలు ఎగిరిపోతుంటాయండీ” అందామె, తల ఎత్తకుండా.

“ఎగిరితే అన్నీ ఎగరాలిగా! ‘క’ ఒక్కదానికే రెక్కలొచ్చాయా? పదవమ్మా, గురువుగారి ముందే తేల్చుకుందాం. అందరి ఎదుటా తప్పు ఒప్పుకోవాలి. లేదంటే పోలీసు కేసు పెడతాను.”

కేంద్రం హాలు శిష్యులతో కిక్కిరిసి ఉంది. మూడో వరసలో చెల్లెలు. మేనేజరు తన అసలు ప్రతినీ అచ్చయిన పుస్తకాన్నీ గురువుగారి చేతిలో పెట్టి, “మీరు స్వయంగా రాసిన పాఠాలను ఈవిడ పాడుచేసింది” అని అందరికీ వినబడేలా చెప్పాడు.

ప్రూఫ్ రీడరు చెల్లెలి వైపు చూసింది. ఉద్యోగం పోయినట్టే. చెల్లెలి ఫోను కూడా మళ్ళీ రాదు.

తెల్లగడ్డం గురువుగారు కళ్ళద్దాలు పెట్టుకుని, తాపీగా ఒక్కో పేజీ తిప్పారు. ఏడో పాఠం దగ్గర చాలాసేపు ఆగారు. తర్వాత తలెత్తి, “ఇందులో ఒక్క అక్షరం తప్పులేదు. అచ్చయిందే అసలు పాఠం” అన్నారు.

హాలంతా చప్పట్లు మోగాయి. మేనేజరుకు కూడా చప్పట్లు కొట్టక తప్పలేదు. గురువుగారి మాటకు ఎదురు లేదని అన్నాళ్ళూ అందరికీ నూరిపోసింది అతనే మరి.

“అమ్మాయీ, ఇలా రా. పుస్తకం తీసుకో” అని పిలిచారు గురువుగారు.

ఆమె దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచింది. గురువుగారు పుస్తకం వదల్లేదు. ముందుకు వంగి, పెదాలు కదలకుండా గొణిగారు.

“నేను ఒక్క ముక్కా రాయలేదు తల్లీ, ఆ మేనేజరు రాసిన పాఠాలకు పదకొండేళ్ళుగా లొంగిపోయి పడున్న మొదటి శిష్యుణ్ణి నేనే. నంబరు చెబుతాను, మా ఆవిడకు ఒక్కసారి ఫోను కలిపి పెడతావా?”