ఆఖరిదానికి ముందుది

ఇటుకంత ఇంగ్లీషు నవల ముగించి మా అమ్మాయి కృపారాణి కళ్లజోడు తీసింది. ఐర్లండు పాత గాథల మీద అల్లిన వరసలో అది పద్నాలుగోది. మంత్రగత్తె రాణులు, మాట్లాడే కాకులు, పుస్తకం నిండా పొగమంచు, మొదటి పుస్తకం నుంచీ తెగని ఒక యుద్ధం.

"ఇప్పటికైనా ఆ యుద్ధం తేలిందా అమ్మా?"

"లేదు నాన్నా. ఇది ఆఖరిదానికి ముందుది."

"పద్నాలుగు రాసి కూడా ముగించలేనివాడు రచయితేంటమ్మా? మండపేట మిల్లులో లారీలవాళ్లు కొట్టుకుంటే నేను భోజనాల వేళకి తేల్చేసేవాణ్ణి. ఈ ఊకకి అట్ట కూడా దండగ."

"ఆఖరిది రెండేళ్లకి వస్తుందంట."

"రెండేళ్లా? సిగ్గులేని మనిషి."

"తిట్టకు నాన్నా. నేను ఇప్పుడే బుక్ చేసేశాను."

తనకి క్యాన్సర్ అని తెలిసిన దగ్గర్నుంచి, ఫోనుకి ఏడాది రీచార్జి చేయిస్తానంటే "నెలకి చాలు నాన్నా, మిగతాది దండగ" అనే పిల్ల అది.

చర్చిలో ప్రార్థనకి ఇన్నాళ్లూ అమ్మాయి పేరొక్కటే ఇచ్చాను. ఈ ఆదివారం ఆ చేతకానివాడి పేరు కూడా ఇస్తాను. ఆయన నూరేళ్లు బతకాలి. ఇలాంటి ఊకే ఇంకో పది పుస్తకాలు రాయాలి. ఆ యుద్ధం మాత్రం ఎప్పటికీ తేలకూడదు.