చేప ఉన్నచోట వెలుగెంత?

“ఆ ప్లగ్గు మీద చెయ్యేశావంటే మర్యాదగా ఉండదు!”

ఊవె అరుపుకు గదిలో సూక్ష్మదర్శినులు కూడా ఉలిక్కిపడ్డాయి. వీబ్కె ఠక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

“పీకడం లేదు ఊవె! కొత్త దీపం పెట్టుకోవడానికి చోటు చూస్తున్నా, అంతే.”

“చోటా? నా పాదరసం దీపం పక్కన ఎల్‌ఈడీకి చోటా? సింహం పక్కన మిణుగురుకు కుర్చీ వేస్తావా?”

జర్మనీలోని యేనా ఊళ్లో ఉన్న ఆ ల్యాబులో ఊవె క్రెచ్‌మార్ పాతికేళ్లుగా టెక్నీషియన్. “ఇన్నేళ్లూ ఏం వెలగబెట్టావు?” అని ఎవరైనా అడిగితే “దీపాలు!” అనేవాడు. పరిశోధక విద్యార్థిని వీబ్కె వెలిగించాల్సింది మాత్రం చేపపిల్ల గుండెను. పచ్చగా మెరిసే ఆ గుండెను పన్నెండు గంటలు ఏకబిగిన సినిమా తీయాలి. పాదరసం దీపమేమో మధ్యమధ్యలో మినుకుమినుకుమంటుంది. తగ్గింది గుండె జోరో, దీపం జోరో తెలిసి చావదు. థీసిస్ ఇవ్వడానికి ఇంకా ఎనిమిది వారాలే ఉన్నాయి. పరీక్షించి చూడమని కంపెనీవాళ్లు ఇచ్చిన ఎల్‌ఈడీ దీపం ఇవాళ నాలుగింటికి వెనక్కి పోతుంది. ఆలోగా కొనుగోలు కాగితం మీద ప్రొఫెసరు సంతకం పెడితే ఉంటుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు కదా, వీబ్కెకు అసలు దీపాన్ని ఉంచుకోవడమే గండమైంది. అప్పటికే మూడు దాటింది.

కాఫీ కప్పుతో ప్రొఫెసర్ అహల్‌బోర్న్ వచ్చాడు. ఊవె “వాన పడుతోంది” అంటే గొడుగు మూసేసే మనిషి.

“ఏమిటీ గోల?”

“గోల కాదండీ, అడ్డగోలు! ఈ అమ్మాయి నా దీపం ఆర్పడానికి వచ్చింది.”

“మీ దీపమా, హెర్ క్రెచ్‌మార్? సంస్థది అనుకున్నానే.”

“బల్బు సంస్థది. దాని గుణగణాలు తెలిసింది నాకు. వెలిగించాక అరగంట ఆగాలి. ఆర్పాక మళ్లీ అరగంట ముట్టుకోకూడదు.”

“అచ్చం మా మామగారే,” అన్నాడు ప్రొఫెసరు.

“కొలిచి తేల్చుకుందామండీ,” అంది వీబ్కె బిక్కుబిక్కుమంటూ.

“కొలుద్దాం! నేను ఈ కొలువులో చేరిందే కొలవడానికి!” అని ఊవె బల్ల గుద్దాడు. “ఓడినవాళ్లు రేపు కేకు తేవాలి.”

తప్పు చేసినవాళ్లు కేకు తేవడం ఆ ల్యాబులో రాజ్యాంగం కన్నా గట్టి చట్టం.

ఊవె కాంతి మీటరు బిళ్లను తీసుకెళ్లి, పొద్దుటి నుంచీ వెలుగుతున్న పాదరసం దీపం మూతికి అడ్డంపెట్టాడు.

“రెండు వాట్లు!”

తర్వాత ఎల్‌ఈడీ మూతికి పెట్టాడు.

“అర వాటు! చూశారా వాటం? నాలుగింతలు!” అని ఆ ఇరుకు గదిలోనే గిర్రున ఒక చుట్టు తిరిగాడు. వీబ్కె ముఖం ఫ్యూజు పోయినట్టయింది.

“ఇక ఆ కాగితం చించేయండి ప్రొఫెసర్‌గారూ. ఇందులో ఆలోచించడానికేముంది?”

ఆ మాట వినగానే ప్రొఫెసరు ఆలోచించడం మొదలుపెట్టాడు.

“ఆగండి. ఎక్కడ కొలిచారు మీరు?”

“దీపం మూతి దగ్గర.”

“చేప అక్కడ కూర్చుంటుందా?”

“చేప కూర్చోదండీ, ఈదుతుంది.”

“కుండలో ఎంత ఉడికిందని కాదు హెర్ క్రెచ్‌మార్, కంచంలో ఎంత పడిందో చూడాలి! ఫిల్టరు దాటి, లెన్సు దాటి, చేప ఉన్నచోట వెలుగెంత? బిళ్లను అక్కడ పెట్టండి!”

ఊవె గొణుగుతూ నీలం ఫిల్టరు దూర్చి, లెన్సు కింద చేప ఉండేచోట బిళ్ల పెట్టాడు. మొదట పాదరసం దీపం. వీబ్కె మీటరు చూసి మిల్లీవాట్లు చదివింది.

“ఆరు.”

“ఆరదు! నా దీపం ఆరదు!”

“అంకె చెబుతున్నా ఊవె! ఆరు!”

తర్వాత ఎల్‌ఈడీ.

“ముప్పై ఒకటి!” వీబ్కె గొంతు పైకప్పుకు తగిలింది.

“మోసం!” అన్నాడు ఊవె. “ఫిల్టరు మార్చండి. పచ్చ వెలుగు కొలవండి, అప్పుడు తెలుస్తుంది నా సింహం సంగతి!”

“చేప గుండె పచ్చగా మెరవాలంటే దానిమీద పడాల్సింది నీలం. మీ సింహం నీలంలో పిసినారి. పాతికేళ్లు దీపాల మధ్య ఉండి ఇది తెలియదా?” ప్రొఫెసరు గొంతులో ఆనందం నురగలు కట్టింది. అంతటితో ఆగక కుర్చీ లాక్కుని, ఒక్కో దీపానికి పది నిమిషాల చొప్పున మీటరు ముందు కూర్చున్నాడు. ఎల్‌ఈడీ అంకె రాయిలా నిలబడింది. పాదరసం అంకె మాత్రం తాగి ఇంటికి పోతున్నవాడిలా ముందుకూ వెనక్కూ తూలింది.

“ఒప్పుకోను!” ఊవె గుండెలు బాదుకున్నాడు. “మీరు గనక ఆ కాగితం మీద సంతకం పెడితే నేను... నేను...”

“కేకు తెస్తారు,” అని ప్రొఫెసరు బరబరా సంతకం గీకేశాడు. కింద రెండు గీతలు కూడా కొట్టాడు. “సమయానికి నేను కనిపెట్టాను కాబట్టి సరిపోయింది, వీబ్కె. కొలత ఎక్కడ తీసుకోవాలో ఇకనైనా నేర్చుకోండి. ఆపిల్ కేకు, హెర్ క్రెచ్‌మార్! దాల్చినచెక్క దండిగా!”

ఈలవేసుకుంటూ వెళ్లిపోయాడు. ఆ ఈల మెట్లు దిగి వినపడకుండా పోయేదాకా వీబ్కె కదలలేదు. తర్వాత మెల్లగా వెళ్లి తలుపు మూసి వచ్చింది.

ఊవె అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు:

“మళ్లీసారి ఏ పాత సామానును వెనకేసుకు రమ్మంటావమ్మాయ్?”